పాత రూపు బండ్లు, వాటిని నడిపేవాళ్ల మాట

2000 సంవత్సరం నాటి సంగతి. మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్లు తయారుచేసే రాయల్ ఎన్‌ఫీల్డ్, నెలకు రెండు వేల బండ్లు అమ్ముకోవడమే గగనంగా ఉన్న రోజులు. మాతృసంస్థ ఐషర్ పెద్దలు కంపెనీని అమ్మేద్దామా, మూసేద్దామా అని తర్జనభర్జన పడుతున్నారు. అప్పుడు ఐషర్ యజమాని కొడుకు, 26 ఏళ్ల సిద్ధార్థ లాల్, ఇంకొక్క అవకాశం ఇవ్వమని అడిగి పగ్గాలు అందుకున్నారు. పాతికేళ్లు తిరిగేసరికి, 2024-25 ఆర్థిక సంవత్సరంలో, అదే కంపెనీ పది లక్షలకు పైగా బండ్లు అమ్మింది.

ఈ పాతికేళ్లలో ఇంజిన్ మారింది. బ్రేకులు మారాయి. గేరు రాడ్డు కుడికాలి దగ్గరి నుంచి ఎడమకాలి దగ్గరికి వచ్చింది. మారనిదల్లా రూపమే. గుండ్రటి హెడ్‌లైటు, నిండైన ట్యాంకు, దానిమీద చేత్తో గీసినట్టుండే సన్నటి బంగారు గీత. ఆ రూపంతో పాటు హిమాలయాల దారి, గోవాలో ఏటా జరిగే రైడర్ల జాతర, తోలు జాకెట్టు, కంపెనీ పేరున్న టీ షర్టు కూడా అమ్మకానికి వచ్చాయి. షోరూములో సగం గోడ బట్టలకీ హెల్మెట్లకీ కేటాయించడం ఇప్పుడు మామూలైపోయింది.

ఈ ధోరణి ఒక్క కంపెనీది కాదు, ఒక్క దేశానిదీ కాదు. బ్రిటన్ ట్రయంఫ్, జర్మనీ బీఎండబ్ల్యూ, ఇటలీ డుకాటి, జపాన్ కవాసాకి, మన దేశంలో మళ్లీ ప్రాణం పోసుకున్న జావా, యెజ్డీ, అందరూ పాత రూపాన్నే కొత్త బండికి తొడుగుతున్నారు. వాటి ప్రకటనల్లో బ్రేకు పట్టు గురించీ సర్వీసింగ్ ఖర్చు గురించీ వినపడేది తక్కువ. సముద్రపు ఒడ్డు, సాయంకాలపు ఎండ, గడ్డం పెంచిన యువకుడు, చేతిలో కాఫీ, పక్కన బండి, ఇవే కనిపిస్తాయి. బండి కన్నా బండి ఉన్న బతుకును ముందు పెట్టి అమ్మడం ఇది. రోజూ బండి మీదే తిరిగేవాళ్లు దీన్ని ఎలా చూస్తున్నారన్నది ఇవాళ్టి ప్రసంగానికి విషయం.

ఒకప్పుడు కంపెనీలే ఇలాంటి బొమ్మలకు భయపడ్డాయి. 1953లో వచ్చిన ‘ది వైల్డ్ వన్’ అనే హాలీవుడ్ సినిమాలో మార్లన్ బ్రాండో తోలు జాకెట్టు వేసుకుని ట్రయంఫ్ బండి నడిపాడు. అందులో అతను ఊరి మీద పడే అల్లరి మూకకు నాయకుడు. మా బండిని అలాంటి పాత్రకు వాడొద్దని అమెరికాలో ట్రయంఫ్ దిగుమతిదారులు అభ్యంతరం చెప్పారు. మోటారు సైకిలంటే రౌడీల వాహనం అన్న ముద్ర పడితే వ్యాపారం దెబ్బతింటుందన్నది వాళ్ల భయం. పదేళ్లకు హోండా ఆ ముద్రనే చెరపడానికి పూనుకుంది. తన చిన్న బండ్ల మీద గృహిణులనీ విద్యార్థులనీ తల్లీబిడ్డలనీ కూర్చోబెట్టి, మర్యాదస్తులు నడిపే బండి మాది అని అమెరికా అంతటా ప్రచారం చేసింది. బండి గుణగణాల కన్నా దానిమీద కూర్చున్న మనిషిని ముందు నిలిపిన ప్రచారాల్లో అది పెద్ద మలుపు.

ఆ దారి ఇవాళ ఎంత దూరం వచ్చిందో రెండు ఉదాహరణల్లో తెలుస్తుంది. 1963 నాటి ‘ది గ్రేట్ ఎస్కేప్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన బండి జర్మన్ సైనికుల బండిలా వేషం వేసిన ట్రయంఫ్. దాని జ్ఞాపకంగా ట్రయంఫ్ 2012లో మెక్వీన్ పేరుతో సైనిక ఆకుపచ్చ రంగు బోనవిల్ బండ్లు 1,100 మాత్రమే చేసి అమ్మింది. 2014లో డుకాటి తన 1960ల నాటి స్క్రాంబ్లర్‌ను మళ్లీ తెచ్చినప్పుడు, పసుపు రంగు కంటెయినర్లను ప్రదర్శనశాలలుగా మార్చి, ఆనందాల లోకం అనే అర్థం వచ్చే నినాదంతో జనం ముందుకు వచ్చింది.

నడిపేవాళ్లలో అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. వాళ్లు ముందుగా అనే మాట: ఈ బతుకుతీరును కంపెనీలు కనిపెట్టలేదు, మేం కనిపెట్టాం.

ఈ మాటలో నిజముంది. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కెఫే 1938లో లారీ డ్రైవర్ల కోసం మొదలైన హోటలు. 1950లు, 60లలో అక్కడ చేరిన కుర్రాళ్లు చాలామంది కూలినాలి చేసుకునే ఇళ్లవాళ్లు. కంపెనీ ఇచ్చిన బండి వాళ్లకు చాలలేదు. బరువు తగ్గించడానికి అక్కర్లేని భాగాలు ఊడదీశారు. హ్యాండిల్ కిందికి దించారు. నార్టన్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిన్ బిగించి రెండు పేర్లూ కలిపి ట్రైటన్ అన్నారు. గంటకు వంద మైళ్లు అందుకోవాలన్న పట్టుదలలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కెఫే రేసర్ అన్న బండి రూపం అలా, డబ్బు లేని కుర్రాళ్ల చేతుల్లో, గ్రీజు మధ్య పుట్టింది. కెఫే 1969లో మూతపడి 2001లో మళ్లీ తెరుచుకుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ తన కాంటినెంటల్ జీటీని 2013లో విడుదల చేసింది ఆ కెఫే ముంగిటే.

మన దగ్గర జావా కథ ఇంకా సూటిగా చెబుతుంది. మైసూరులో 1960ల మొదట్లో పని ప్రారంభించిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆ బండ్లకు కంపెనీ లేదు, షోరూము లేదు, ప్రకటన లేదు. అయినా ఆ బండ్లు రోడ్డెక్కుతూనే ఉన్నాయి. పాత ఇనుము దుకాణాల్లో విడిభాగాలు వెతికినవాళ్లు, దొరకని భాగాన్ని లేతు మీద చేయించుకున్నవాళ్లు, ఒకే రాడ్డుతో కిక్కు కొట్టి దాన్నే ముందుకు తిప్పి గేరు వేసే ఆ పద్ధతిని కొడుకులకు నేర్పినవాళ్లు వాటిని కాపాడారు. ఏటా జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ యజమానులు ఊరూరా కలుసుకుని కలిసి తిరగడం అలవాటు చేసుకున్నారు. అప్పట్లో దాని వెనక ఏ కంపెనీ డబ్బూ లేదు.

2018 నవంబర్ 15న క్లాసిక్ లెజెండ్స్ సంస్థ మహీంద్రా అండతో జావాను తిరిగి తెచ్చినప్పుడు, ఆ అభిమానమే పెట్టుబడి అయింది. నాన్న బండి మళ్లీ వచ్చిందని జనం బుకింగులకు ఎగబడ్డారు. డిసెంబర్ చివరికల్లా 2019 సెప్టెంబర్ దాకా తయారయ్యే బండ్లన్నీ అమ్ముడుపోయాయని కంపెనీ ఆన్‌లైన్ బుకింగులు ఆపేసింది. డబ్బు కట్టినవాళ్లకు తర్వాత నెలల తరబడి ఎదురుచూపు మిగిలింది. బండి చేతికొచ్చినవాళ్లు దాన్ని మెచ్చుకున్నారు కూడా. పాత జావాకు ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కొత్తది నీళ్లతో చల్లబడే 293 సీసీ నాలుగు స్ట్రోకుల ఇంజిన్ అయినా, ఆ రెండు సైలెన్సర్లనూ అలాగే నిలబెట్టారు. రైడర్ల ఫిర్యాదు బండి రూపం మీద కాదు. జ్ఞాపకాన్ని అంత గొప్పగా తట్టిలేపినవాళ్లు, బండి ఎప్పుడిస్తారో, సర్వీసు కేంద్రం ఏ ఊళ్లో పెడతారో అంతే స్పష్టంగా చెప్పి ఉండాల్సిందన్నదే వాళ్ల మాట.

బుల్లెట్ విషయానికొస్తే, పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్‌ను స్టార్ట్ చేయడమే ఒక విద్య. తాళం తిప్పి, హెడ్‌లైటు పక్కనున్న ఆంపియర్ మీటరు మీద చూపు నిలపాలి. కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు ఊగి మధ్యకొచ్చి నిలుస్తుంది. అప్పుడు హ్యాండిల్ దగ్గరున్న డీకంప్రెషన్ మీట నొక్కి, పిస్టన్‌ను పైకొస దాటించి, మీట వదిలి, రాడ్డును మళ్లీ పైకి రానిచ్చి, ఒక్కటే నిండు కిక్కు కొట్టాలి. లెక్క తప్పితే రాడ్డు వెనక్కి తన్ని పిక్క వాచిపోతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకకపోతే మడమతో నొక్కడానికి విడిగా ఒక చిన్న మీట ఉండేది. ఈ విద్య వచ్చినవాళ్లకు, 2009లో వచ్చిన క్లాసిక్ మోడల్ బటన్ నొక్కగానే డుగ్‌డుగ్‌మనడం మొదట్లో మింగుడు పడలేదు. ఇది బుల్లెట్ వేషం వేసుకున్న మామూలు బండి అన్నారు.

కొత్తవాళ్ల జవాబు కూడా బలమైనదే. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట సిగ్నల్‌లో బండి ఆగిపోతే ఆంపియర్ మీటరు ముల్లు చూసుకునే తీరిక ఎవరికుంది? ఆయిలు కారని ఇంజిన్, తడిలో కూడా జారకుండా ఆగే బ్రేకు, వారంలో ఆరు రోజులు ఆఫీసుకీ ఏడో రోజు శ్రీశైలం ఘాట్‌కీ పనికొచ్చే బండి కావాలి, రూపం మాత్రం తాత బండిలా ఉంటే మనసుకు హాయి. వీళ్లకు పాత రూపం మోసంలా కనిపించదు.

మోసమా, ముచ్చటా అన్న ఈ తగవు ట్రయంఫ్ బోనవిల్ చుట్టూ కూడా నడిచింది. కాలుష్య నిబంధనల వల్ల కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాల్సి వచ్చినప్పుడు, ట్రయంఫ్ ఇంజనీర్లు ఇంజెక్షన్ పరికరాలను పాత కార్బురేటర్ ఆకారంలో ఉండే తొడుగులో దాచారు. చూస్తే కార్బురేటరే, లోపల కంప్యూటర్ లెక్కలు. కొందరు రైడర్లు దీన్ని నాటకమన్నారు. ఇంకొందరు చలిలో ఒక్క బటన్‌తో స్టార్టయ్యే బండి, కళ్లకు పాత బండి, రెండూ దక్కుతుంటే నష్టమేంటన్నారు. కంపెనీ ఆ సంగతి దాచలేదు కాబట్టి రెండోవాళ్ల వాదనే సమంజసం. కొనేవాడికి లోపలేముందో తెలుసు, తెలిసే ఇష్టపడ్డాడు.

తెలియకుండా జరిగినప్పుడే గాయమవుతుంది. 2018 జులైలో రాయల్ ఎన్‌ఫీల్డ్, రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళాలు వాడిన ఫ్లయింగ్ ఫ్లీ అనే చిన్న బండి స్మారకంగా క్లాసిక్ 500 పెగాసస్ అనే ప్రత్యేక బండ్లు వెయ్యి చేసింది. మన దేశానికి ఇచ్చినవి 250. దాదాపు రెండున్నర లక్షల ధర పెట్టినా 178 సెకన్లలో అన్నీ అమ్ముడుపోయాయి. మరుసటి నెలలోనే సైన్యపు సిగ్నల్స్ విభాగం పేరుతో క్లాసిక్ 350 సిగ్నల్స్ వచ్చింది. చూపులకు దాదాపు అదే సైనిక ఛాయ, ధర చాలా తక్కువ, పైగా పెగాసస్‌కు లేని ఏబీఎస్ బ్రేకులు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబోతున్న సమయమది. పెగాసస్ కొన్నవాళ్లు తమను మోసం చేశారని బహిరంగంగానే నిరసన తెలిపారు. అరుదైన వస్తువన్న ఆకర్షణతో డబ్బు కట్టించుకుని, ప్రాణం కాపాడే బ్రేకు సంగతి పక్కన పెట్టారన్న వాళ్ల బాధ న్యాయమైనది.

అలాగని రూపానికి, జ్ఞాపకానికి విలువే లేదనుకోవడం కూడా తప్పని మార్కెట్ చూపించింది. 2016 చివర్లో బజాజ్ డామినార్ 400 తెచ్చింది. 373 సీసీ, 35 హార్స్‌పవర్. ఆనాటి క్లాసిక్ 350 ఇచ్చేది 20 లోపే. 2017లో బజాజ్ వరసగా ప్రకటనలు వేసింది. వాటిలో ఏనుగుల మీద ఊరేగే రైడర్లు ఘాట్ ఎక్కలేక, బ్రేకు పడక ఆపసోపాలు పడుతుంటారు. ఏనుగును పోషించడం మానండి అన్నది సారాంశం. పేరు చెప్పకపోయినా ఎవరిని అన్నారో అందరికీ అర్థమైంది. శక్తిలో, బ్రేకుల్లో డామినార్‌దే పైచేయి. అయినా 2017-18లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఎనిమిది లక్షలు దాటి అమ్మితే, డామినార్ ఆ దరిదాపులకు రాలేదు. బుల్లెట్ నడిపేవాళ్లకు ఆ ప్రకటన బండి మీద విమర్శలా కాక తమ మీద వెక్కిరింతలా తగిలింది. బండి మీద మమకారం అంకెలతో కొలిచేది కాదన్నది ఎంత నిజమో, ఆ మమకారాన్ని చూసుకుని అంకెలు చెప్పకుండా తప్పించుకోకూడదన్నదీ అంతే నిజం.

తెలుగు నేల మీద బుల్లెట్‌కున్న మర్యాదే వేరు. మోతుబరి రైతు, సర్కిల్ ఇన్‌స్పెక్టర్, రిటైరైన సుబేదార్, వీళ్ల వాకిట్లో నిలబడిన బండి అది. 2021లో మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి పాటకు ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆడిన ఆట ఊరూరా పాకినప్పుడు, ఏ కంపెనీ ప్రకటనా ఇవ్వలేని ప్రచారం ఆ బండికి దక్కింది. అంత మర్యాద ఉన్నచోట ప్రకటన మాట సూటిగా తగులుతుంది. అందుకే ఇక్కడి రైడర్లు లేవనెత్తే విషయాలను కంపెనీలు శ్రద్ధగా వినాలి.

మొదటిది శబ్దం. డుగ్‌డుగ్ చప్పుడునే ఊరించి అమ్మడంతో, నిబంధనల ప్రకారం నెమ్మదిగా పలికే కొత్త సైలెన్సర్ చూసి కుర్రాళ్లు నిరాశపడి మర్నాడే దాన్ని మార్పించేస్తున్నారు. పోలీసులు అలాంటి సైలెన్సర్లను పీకించి కుప్పపోసి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలు హైదరాబాద్, విశాఖ వాసులకు తెలిసినవే. ఆసుపత్రి ముందు, పరీక్షల వేళ ఆ మోత వినేవాళ్ల కోపం పద్ధతిగా నడిపే రైడర్ మీద కూడా పడుతోంది. బుల్లెట్ కనబడితే చాలు ఆపుతున్నారని వాళ్లు వాపోతున్నారు.

రెండోది ఒంటి రక్షణ. పాతకాలపు అందం పేరుతో ప్రకటనల్లో ముఖం తెరిచి ఉండే హెల్మెట్, కళ్లద్దాలు, మామూలు బూట్లు చూపిస్తున్నారు. సిడ్నీలో 2012లో మొదలై ప్రపంచమంతా పాకిన డిస్టింగ్విష్డ్ జెంటిల్మన్స్ రైడ్‌లో రైడర్లు సూటూ టై కట్టుకుని పాత రూపు బండ్ల మీద ఊరేగుతారు. ప్రొస్టేట్ క్యాన్సర్ పరిశోధనకూ మగవాళ్ల మానసిక ఆరోగ్యానికీ విరాళాలు పోగుచేసే గొప్ప పని అది, మోటారు సైకిలిస్టులంటే ఉన్న చెడ్డపేరును కూడా అది తుడిచింది. కానీ ఆ వేషం నెమ్మదిగా సాగే ఊరేగింపుకే సరిపోతుందనీ, హైవే మీద పడితే సూటు గుడ్డ చర్మాన్ని కాపాడదనీ దూరప్రయాణాలు చేసేవాళ్లు హెచ్చరిస్తుంటారు. మన మే నెల ఎండలో లండన్ తోలు జాకెట్టు వేసుకుంటే వడదెబ్బే. భుజాలకూ మోచేతులకూ గట్టి మెత్తలుండి గాలి ఆడే జాలీ జాకెట్టు ఇక్కడ పనికొస్తుంది. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం. ఆ మాట ప్రకటనలో ఒక వాక్యంగా చెబితే కంపెనీకి పోయేదేమీ లేదు.

మూడోది ఆడవాళ్ల మాట. పాతకాలపు బొమ్మ గీయగానే ఆడమనిషి వెనక సీట్లోకి పోతుంది. 2018లో తెలంగాణకు చెందిన నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా 17,000 కిలోమీటర్ల దాకా బండ్లు నడుపుకుంటూ వెళ్లివచ్చారు. వాళ్లలో ఒకరైన జై భారతి తర్వాత మోవో సంస్థ ద్వారా హైదరాబాద్‌లో వేలాది ఆడవాళ్లకు బండి నేర్పే పనిలో పడ్డారు. అలా నేర్చుకున్నవాళ్లు షోరూముకు వెళ్లి అడిగేవి రెండు: సీటు ఎత్తెంత, బరువెంత? క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. వాలు మీద ఆపి వెనక్కి నెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ అంకె విలువ తెలుస్తుంది. 2022లో వచ్చిన హంటర్ 350 బరువు 181 కిలోలకు తగ్గడం అలాంటి ప్రశ్నలకు దొరికిన జవాబే.

నిజానికి రైడర్ల మాట విన్న ప్రతిసారీ కంపెనీలు లాభపడ్డాయి. 2013 నాటి కాంటినెంటల్ జీటీ రూపానికి మంచి పేరొచ్చినా, ఒకే సిలిండరు, వేగంలో ఒళ్లు ఝల్లుమనే అదురు, కెఫే రేసర్ అన్న పేరుకు చాలలేదని నడిపినవాళ్లు మొహం మీదే చెప్పారు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ రెండు సిలిండర్ల 650 ఇంటర్‌సెప్టర్‌నూ కొత్త కాంటినెంటల్ జీటీనీ తెచ్చి, ఇంటర్‌సెప్టర్‌కు రెండున్నర లక్షల ధర పెట్టింది. కంపెనీ మొదట పుట్టిన బ్రిటన్‌లో రైడర్లు వాటిని ఆదరంగా కొన్నారు. 2020లో హోండా హైనెస్, 2023లో బజాజ్ చేతి మీదుగా ట్రయంఫ్ స్పీడ్ 400 రావడంతో, ఇప్పుడు కొనేవాళ్లు నాలుగు షోరూములు తిరిగి పక్కపక్కన పెట్టి పోల్చుకోగలుగుతున్నారు.

త్వరలో ఈ వ్యాపారం మొత్తానికి కొత్త పరీక్ష రాబోతోంది. 2024 నవంబర్‌లో ఇటలీలోని మిలాన్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్లయింగ్ ఫ్లీ సీ6 అనే విద్యుత్ బండిని చూపించింది. యుద్ధకాలపు ఫ్లయింగ్ ఫ్లీ పేరు, ముందు చక్రానికి ఆ కాలపు గర్డర్ ఫోర్కు, కానీ ఇంజిన్ లేదు, డుగ్‌డుగ్ లేదు. ఒక్క ఛార్జింగ్‌తో నిజంగా ఎంత దూరం పోతుంది, బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది, మార్చాలంటే ఎంతవుతుంది అని రైడర్లు అడగబోతున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, కర్నూలులోనో ఖమ్మంలోనో రోడ్డు పక్క షెడ్డు నడుపుకునే మెకానిక్ దాన్ని విప్పి బాగుచేయగలడా అని కూడా అడుగుతారు. కంపెనీ పట్టించుకోని రోజుల్లో ఆ మెకానిక్కే ఈ బండ్లను బతికించాడు. అతనికి శిక్షణ, పనిముట్లు, విడిభాగాలు అందించే ఏర్పాటు బండితో పాటే జరగాలి. కంపెనీలు దానికి కూడా ప్రకటనలకు పెట్టినంత ఖర్చు పెట్టాలని రైడర్లు గట్టిగా కోరాలి.